పాత స్పోర్ట్స్ కారు ఎత్తు తగ్గించాలంటే: ఎంత దించొచ్చు, అందుకు ఏం వదులుకోవాలి

కారు కిందికి దించాలన్న ఆలోచన చాలామందికి మడ్‌గార్డు అంచుకీ టైరుకీ మధ్య కనిపించే ఖాళీని చూసినప్పుడే పుడుతుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. పాత స్పోర్ట్స్ కారు నేలను అంటిపెట్టుకుని నిలబడితే చూడ్డానికి నిజంగా బాగుంటుంది. కానీ ఆ ఖాళీ ఊరికే వదిలింది కాదు. చక్రం గట్టు మీదికి ఎక్కినప్పుడు పైకి లేవడానికి కావలసిన జాగా అది. దాన్నే ట్రావెల్ అంటారు. కారును 25 మి.మీ. దించితే ఆ జాగాలో 25 మి.మీ. ఖర్చయిపోతుంది. మీ కారుకు అసలు ఎంత ట్రావెల్ ఉందో కొలవకుండా స్ప్రింగులు కొనకండి. ఈ పనిలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే మొదలవుతాయి.

ముందు లాభం ఎంతో లెక్క చూద్దాం. 1000 కిలోల కారు, చక్రాల మధ్య వెడల్పు 1300 మి.మీ., గరిమనాభి నేల నుంచి 480 మి.మీ. ఎత్తులో ఉందనుకోండి. 0.8 జీ పక్క త్వరణంతో (అంటే గురుత్వ త్వరణానికి 0.8 రెట్లు) మలుపు తిరుగుతుంటే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు సుమారు 2900 న్యూటన్లు. కారును 25 మి.మీ. దించితే అది 2750 న్యూటన్లకు తగ్గుతుంది. అంటే తేడా 5 శాతం, దాదాపు 15 కిలోల బరువు. మలుపులో 'కారు మారిపోయింది' అనిపించేది చాలావరకు ఈ 5 శాతం వల్ల కాదు, కొత్త స్ప్రింగులు గట్టిగా ఉండటం వల్ల, అరిగిన షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టాలు) కొత్తవి పడటం వల్ల. అందుకే మా సలహా: ముందు కారును అసలు ఎత్తులోనే కొత్త బుష్‌లు, మంచి షాకులు, మంచి టైర్లతో నడిపి చూడండి. ఆ తర్వాత కూడా దించాలనిపిస్తే దించండి.

అసలు ఎత్తు ఏదో తేల్చుకోండి

50 ఏళ్ల కారు ఇప్పుడు నిలబడ్డ ఎత్తు దాని అసలు ఎత్తు కాకపోవచ్చు. స్ప్రింగులు కుంగి ఇప్పటికే 15–20 మి.మీ. దిగి ఉండొచ్చు, లేదా ఎవరో వేరే మోడల్ స్ప్రింగులు వేసి పైకి లేపి ఉండొచ్చు. కొన్ని కార్లను కంపెనీయే ఎత్తు పెంచి అమ్మింది. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చినప్పుడు, అమెరికా బంపర్ నిబంధనల కోసం కారు ఎత్తును సుమారు ఒక అంగుళం పెంచారు. 1975, 76 కార్లకైతే ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) కూడా తీసేశారు. 1977లో ముందూ వెనకా రెండు బార్లతో దాన్ని సరిదిద్దారు. అలాంటి కారును దించడమంటే మొదట గీసిన ఎత్తుకు తిరిగి తేవడమే. కాబట్టి అక్కడ ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఎంజీబీ ముందు భాగంలో ఆ ఎత్తు చాలావరకు క్రాస్‌మెంబర్‌ను (ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలాన్ని) మార్చడం వల్ల వచ్చింది, స్ప్రింగు వల్ల కాదు. పొట్టి స్ప్రింగుతో దించితే కారు క్రోమ్ బంపర్ కారు ఎత్తుకు వస్తుంది కానీ, విష్‌బోన్ల (చక్రాన్ని బాడీకి కలిపే చేతుల) వాలు మాత్రం ఆ కారులో లాగా ఉండదు.

ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి మడ్‌గార్డు దాకా కొలవకండి. టైరు సైజు, గాలి, అరుగుదల అన్నీ ఆ కొలతలో కలిసిపోతాయి. చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నేల సమంగా ఉండాలి, ట్యాంకులో సగం పెట్రోలు, డ్రైవరు సీటులో మీ బరువంత బరువు. కారును నాలుగైదు మీటర్లు ముందుకూ వెనక్కూ తోసి, నాలుగు మూలలా గట్టిగా నొక్కి వదిలాకే కొలత తీసుకోండి. నాలుగు అంకెలూ రాసి పెట్టుకోండి. ఎడమ కుడి తేడా 10 మి.మీ. దాటితే ముందు దాని సంగతి చూడాలి. విరిగిన స్ప్రింగు, తుప్పు పట్టి లోపలికి కుంగిన స్ప్రింగు సీటు, ఎప్పుడో గుద్దుకుని వంగిన బాడీ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

ట్రావెల్ కొలవడం

కారును బాడీ కింద స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ మీద వదిలేసి ఎప్పుడూ కిందికి దూరకండి. స్ప్రింగును స్ప్రింగు కంప్రెసర్ అనే పనిముట్టుతో అదిమి బయటికి తీయండి. షాకును మాత్రం బిగించే ఉంచండి. ఇప్పుడు హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) కింద జాకీ పెట్టి మెల్లగా లేపుతూ, బంప్ స్టాపర్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే దిమ్మ) రబ్బరు తాకీ తాకనట్టు ఉన్న చోట ఆపండి. హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు దాకా కొలిచి, ఇందాక రాసుకున్న ఎత్తులోంచి తీసేయండి. ఆ మిగిలిందే మీ చేతిలో ఉన్న ట్రావెల్. అక్కడి నుంచి ఇంకా లేపుతూ రబ్బరు సగం నలిగేదాకా పోనివ్వండి. షాకు లోపల అడుగు తగులుతోందా? చక్రం బిగించి చూస్తే టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు తగులుతోందా? స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పినప్పుడు కూడా చూడండి. రబ్బరు కంటే ముందు షాకు అడుగు తగిలితే ఆ షాకు ఎక్కువ రోజులు ఉండదు. దాని పై మౌంటింగ్ కూడా చిరుగుతుంది.

ఉదాహరణకు 75 మి.మీ. ట్రావెల్ ఉన్న మూల ఒకటి తీసుకుందాం. ఆ మూల మీద స్ప్రింగు మోసే బరువు 250 కిలోలు, చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. దీన్ని 25 మి.మీ. దించితే 50 మి.మీ. మిగులుతుంది. ఇదివరకు 75 మి.మీ.లో ఆగిన గట్టు దెబ్బ ఇప్పుడు 50 మి.మీ.లో ఆగాలి. స్ప్రింగులో నిలవ ఉండే శక్తి ట్రావెల్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అంత దెబ్బనే మింగాలంటే స్ప్రింగు 2.25 రెట్లు, అంటే మిల్లీమీటరుకు 45 న్యూటన్లు ఉండాలి. అలా చేస్తే బాడీ ఊగే వేగం సెకనుకు 1.4 సార్ల నుంచి 2.1 సార్లకు పోతుంది. అది రేసు కారు లెక్క. రోడ్డు మీద ఒళ్లు హూనమవుతుంది. అందుకని మధ్యే మార్గంగా స్ప్రింగును 30–40 శాతం గట్టిపరచి, మిగతాది మెత్తటి నురగ లాంటి పాలీయురేథేన్ బంప్ స్టాపర్‌కు అప్పగిస్తారు. పాత గట్టి రబ్బరు ముద్ద ఒక్కసారిగా ఢీకొడుతుంది. కొత్త రకం తాకిన దగ్గర్నుంచి క్రమంగా బిగుస్తుంది. మలుపు మధ్యలో బంప్ స్టాపర్ గట్టిగా తగిలితే ఆ చక్రం స్ప్రింగు గట్టిదనం ఒక్క క్షణంలో ఎన్నో రెట్లయినట్టే. ముందు చక్రానికైతే కారు నేరుగా బయటికి జారుతుంది, వెనక చక్రానికైతే తోక తిరుగుతుంది. తడి రోడ్డు మీద, మలుపు లోపల గతుకు ఉన్నప్పుడు ఇది ప్రమాదకరం.

రోడ్డు మీద నడిచే కారుకు రబ్బరు తాకే లోపు కనీసం 50 మి.మీ. మిగలాలని మా పట్టుదల. మీ కారుకు మొత్తం ఉన్నదే 60 అయితే, మీరు దించగలిగేది 10 మి.మీ. అంతే. స్టాపర్‌ను కోసి జాగా సంపాదించే ముందు, కోసినంత మేరా షాకుకూ టైరుకూ నిజంగా జాగా ఉందో చక్రం పైకి లేపి చూసి తీరాలి.

స్ప్రింగు ఎంచుకోవడం

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. 25 మి.మీ. దించాలని 25 మి.మీ. పొట్టి స్ప్రింగు వేస్తారు. పైనా కిందా రెండు చేతులుండే డబుల్ విష్‌బోన్ కార్లలో స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, చెయ్యి మధ్యలో ఉంటుంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు 6 మి.మీ. కదిలే కారులో 25 మి.మీ. పొట్టి స్ప్రింగు వేస్తే కారు 42 మి.మీ. దిగిపోతుంది. అక్కడ తగ్గించాల్సింది 15 మి.మీ. మాత్రమే. గట్టిదనానికి ఈ నిష్పత్తిని రెండుసార్లు హెచ్చించాలి: 0.6 × 0.6 = 0.36. అంటే మిల్లీమీటరుకు 50 న్యూటన్ల స్ప్రింగు చక్రం దగ్గర 18 మాత్రమే. మీ కారు నిష్పత్తిని పుస్తకంలో వెతకడం కంటే, స్ప్రింగు లేకుండా హబ్‌ను 20 మి.మీ. లేపి, స్ప్రింగు సీటు ఎంత కదిలిందో కొలుచుకోవడమే నమ్మకం.

పాత స్ప్రింగు గట్టిదనం తెలియకపోతే వెర్నియర్‌తో తేల్చొచ్చు. తీగ మందానికి నాలుగో ఘాతం (మందం × మందం × మందం × మందం) కట్టి, దాన్ని 79,000తో గుణించండి. చుట్టు మధ్య వ్యాసానికి మూడో ఘాతం కట్టి, పనిచేసే చుట్ల సంఖ్యతోనూ 8తోనూ గుణించి, మొదటిదాన్ని దీంతో భాగించండి. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉండాలి. తీగ 13 మి.మీ., చుట్టు 100 మి.మీ., పనిచేసే చుట్లు 7 అయితే, మిల్లీమీటరుకు సుమారు 40 న్యూటన్లు వస్తుంది. కొలిచే చోట పెయింటు గీకేయండి. తీగ మందంలో అర మిల్లీమీటరు తేడా వస్తే జవాబు 16 శాతం మారిపోతుంది.

స్ప్రింగు కోయడం గురించి: రెండు చివరలూ చదునుగా అరగదీయకుండా తీగ అలాగే తెగినట్టు ఉండే రకాన్ని సన్నని గ్రైండర్ డిస్కుతో కోయొచ్చు. 8 పనిచేసే చుట్లలో ఒకటి తీస్తే స్ప్రింగు 14 శాతం గట్టిపడుతుంది. ఎత్తు తగ్గేది ఆ చుట్టు బరువు కింద ఎంత జాగా తీసుకుంటోందో అంత, దాన్ని మళ్లీ కదలిక నిష్పత్తితో భాగించాలి. కాబట్టి ఒకేసారి చుట్టు మొత్తం కోయకుండా పావు, అర చుట్టుతో మొదలుపెట్టండి. చివర సన్నగా ముడుచుకునే స్ప్రింగులనూ, చదునుగా అరగదీసిన చివరలున్నవాటినీ కోస్తే సీటులో కూర్చోవు. గ్యాస్ మంటతో వేడి చేసి కుంగదీయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. వేడి తగిలిన చోట ఉక్కు పదును పోతుంది, ఆ చుట్టు కుంగుతూనే ఉంటుంది, ఒక రోజు విరుగుతుంది.

పొట్టి స్ప్రింగు వేశాక కారును ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడనివ్వండి. ఆ స్థితిలో కూడా స్ప్రింగు రెండు సీట్ల మధ్య బిగువుగా ఉండాలి. చేత్తో ఊపితే కదిలిందంటే, గట్టు మీద ఎగిరినప్పుడు అది సీటు తప్పి పక్కకు పడుతుంది. దీనికి వైర్లు కట్టడం పరిష్కారం కాదు. పొట్టి షాకు, లేదంటే చక్రం మరీ కిందికి వేలాడకుండా ఆపే పట్టీ, కాయిల్‌ఓవర్ (షాకు చుట్టూ స్ప్రింగు ఉండే రకం) అయితే హెల్పర్ స్ప్రింగు (వదులును నింపే మెత్తటి చిన్న స్ప్రింగు) వాడాలి.

షాకు కూడా స్ప్రింగుకు తగ్గట్టు మారాలి. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే దాన్ని అదుపు చేయడానికి షాకు బలం సుమారు 14 శాతం పెరగాలి, ముఖ్యంగా చక్రం కిందికి వచ్చే దిశలో. సర్దుబాటు ఉన్న షాకు అయితే రెండు మూడు క్లిక్కులతో సరిపోవచ్చు. లేకపోతే గతుకు దాటాక కారు రెండు మూడుసార్లు ఊగుతుంది. ఎంజీబీ లాంటి లివర్ ఆర్మ్ షాకుల్లో ముందు షాకు చెయ్యే పై విష్‌బోన్ కూడా. అందులో ఆట ఉంటే కేంబర్ (చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం, పై అంచు లోపలికి ఒరిగితే నెగటివ్) కూడా ఊగుతుంది. దించే ముందు దాన్ని రీకండిషన్ చేయించండి.

ఏ రకం సస్పెన్షన్‌కు ఏం చెడుతుంది

షాకు ఉన్న నిలువు స్తంభమే చక్రాన్ని పైనుంచి పట్టే మెక్‌ఫర్సన్ స్ట్రట్ కార్లు (డాట్సన్ 240జెడ్, బీఎమ్‌డబ్ల్యూ 2002 లాంటివి) దించినప్పుడు ఎక్కువ నష్టపోతాయి. అసలు ఎత్తులో కింది చెయ్యి బాడీ నుంచి చక్రం వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. దించేకొద్దీ సమంగా అయి, ఆ తర్వాత తిరగబడి చక్రం వైపు పైకి లేస్తుంది. మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. చెయ్యి వాలు మారినప్పుడు ఆ బిందువు గరిమనాభి కంటే వేగంగా కిందికి పోతుంది. లెక్కకు, గరిమనాభి 480, రోల్ సెంటర్ 100 అయితే ఒరగదోసే దూరం 380 మి.మీ. 25 మి.మీ. దించాక గరిమనాభి 455కు వచ్చి, రోల్ సెంటర్ 40కి పడిందనుకోండి, ఆ దూరం 415 అవుతుంది. కారు కిందికి దిగింది, ఒరగడం మాత్రం 9 శాతం పెరిగింది! పైగా చెయ్యి స్ట్రట్‌కు లంబంగా ఉండే కోణం దాటాక, చక్రం లేచేకొద్దీ కేంబర్ నెగటివ్ వైపు పోవడం ఆగి, పాజిటివ్ వైపు తిరుగుతుంది. సరిగ్గా మలుపులో అవసరమైన చోటే టైరు బయటి అంచు మీద నిలబడుతుంది.

దీనికి నిజమైన మందు స్ట్రట్ అడుగుకూ స్టీరింగ్ ఆర్మ్‌కూ మధ్య 20–25 మి.మీ. స్పేసర్. ఈ రెండు కార్లలోనూ స్టీరింగ్ ఆర్మ్ బోల్టులతో స్ట్రట్ అడుగుకు బిగిసి ఉంటుంది కాబట్టి పని సులువు. చెయ్యి బయటి చివర, టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) చివర రెండూ కలిసి కిందికి వస్తాయి. ఒకే ముక్కతో రోల్ సెంటరూ, బంప్ స్టీరూ (గతుకులో చక్రం దానంతటదే తిరగడం) రెండూ బాగుపడతాయి. బోల్టులు 10.9 గ్రేడువి, స్పేసర్ మందమంత పొడవెక్కువ ఉండాలి. మరలోకి కనీసం బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దిగాలి. 13 అంగుళాల చక్రాలుంటే కిందికి దిగిన బాల్ జాయింట్‌కూ రిమ్‌కూ మధ్య కనీసం 5 మి.మీ. ఖాళీ ఉందో లేదో చక్రం చేత్తో తిప్పి చూడండి. స్ట్రట్ ట్యూబును కోసి పొట్టి చేసి, పొట్టి కార్ట్రిడ్జి (ట్యూబు లోపలి షాకు) వేస్తే పోయిన ట్రావెల్ కొంత తిరిగొస్తుంది. ఆ వెల్డింగు మాత్రం ట్యూబు వంకర పోకుండా చేయగలవారికే ఇవ్వండి.

డబుల్ విష్‌బోన్‌కు ఇంత ఘోరం జరగదు. 25 మి.మీ. దాకా చాలా కార్లు సహిస్తాయి. చూడాల్సింది బాల్ జాయింట్ కోణం. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు జాయింట్ తన గిన్నె అంచుకు తగిలితే, ఏదో ఒకనాడు దాని మెడ విరుగుతుంది.

వెనక లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), కమాన్ కట్టలు ఉన్న కార్లకు లోవరింగ్ బ్లాకు చవకైన దారి. కమాను యాక్సిల్ కింద ఉన్నప్పుడు 25 మి.మీ. బ్లాకు రెండింటి మధ్య వస్తుంది. బ్లాకు గట్టి అల్యూమినియమో ఉక్కో అయి ఉండాలి, కమాను సెంటర్ బోల్టు తల కూర్చునే గుంతా, పైన దానికి సరిపడే ముళ్లూ ఉండాలి. రెండు బ్లాకులు ఒకదాని మీద ఒకటి పెట్టకండి. యాక్సిల్ మెలిక తిరిగే శక్తికి ఆ దొంతర లివరుగా పనిచేస్తుంది. యూ బోల్టులు కొత్తవే వాడాలి, పాతవి ఒకసారి సాగినవి. 30 మి.మీ. దాటితే బ్లాకు కంటే కమాను పట్టీలను వంపు తగ్గించి మళ్లీ కట్టించడం మేలు. దించాక ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చూడండి. గేర్‌బాక్సు చివర, డిఫరెన్షియల్ ముక్కు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, షాఫ్టు క్రాసుల దగ్గర 1 నుంచి 3 డిగ్రీల కోణం ఉండాలి. సమాంతరం తప్పితే ఒక వేగం దగ్గర అదురు మొదలవుతుంది. 2 డిగ్రీల చీల పట్టీ పెట్టి సరిచేయొచ్చు. పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్‌ను బాడీకి అడ్డంగా కలిపే కడ్డీ) ఉన్న కారులో యాక్సిల్ పక్కకు జరుగుతుంది. 900 మి.మీ. రాడ్డు రెండు చివరల ఎత్తు తేడా 60 నుంచి 90 మి.మీ.కు మారితే జరిగేది 2.5 మి.మీ. చిన్నదే, కానీ మడ్‌గార్డు దగ్గర ఇరుకుగా ఉన్న కారులో ఒక పక్క టైరు తగలడానికి అది చాలు.

చక్రాన్ని ముందు వైపు నుంచి ఏటవాలు చెయ్యి పట్టే సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ వెనక భాగం (ట్రయంఫ్ టీఆర్6, పోర్షె 911, బీఎమ్‌డబ్ల్యూ 2002) దించితే నెగటివ్ కేంబర్ పెరుగుతుంది, టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా దాంతోపాటే మారుతుంది. టైరు లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లలోనే తీగలు తేలడానికి ఎక్కువ కారణం టోనే. కేంబర్ మీద నింద వేసే ముందు టో కొలవండి.

స్వింగ్ యాక్సిల్ కార్లు (డిఫరెన్షియల్ దగ్గర ఊగే ఇరుసుతోపాటే చక్రం ఒరిగే రకం) మాత్రం దించితే నిజంగా బాగుపడతాయి. తొలి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, బీటిల్ లాంటివాటిలో ఎత్తైన వెనక భాగం మలుపులో ఇంకా పైకి లేచి, చక్రం కాళ్లు ముడుచుకున్నట్టు లోపలికి మడతపడే ప్రమాదం ఉంది. 20–30 మి.మీ. దించి, చక్రానికి 1.5 నుంచి 2 డిగ్రీల నెగటివ్ కేంబర్ ఇస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. చక్రం మరీ కిందికి వేలాడకుండా పట్టీ కూడా కట్టండి.

టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్న పాత 911లో (1989 దాకా) ఎత్తు మార్చడం పైకి సులువుగా కనిపిస్తుంది, అందుకే అక్కడ ఎక్కువమంది అతి చేస్తారు. ముందు స్క్రూ వదులు చేస్తే కారు దిగుతుంది. కానీ కడ్డీ గట్టిదనం మారదు, ట్రావెల్ మాత్రం తగ్గుతుంది. కాబట్టి స్క్రూతోనే 40 మి.మీ. దించిన 911 స్టాపర్ల మీద పరిగెడుతున్నట్టే. కడ్డీ గట్టిదనం మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 19 మి.మీ. తీసి 21 వేస్తే దాదాపు 49 శాతం గట్టిదనం వస్తుంది. వెనక కడ్డీకి లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44 పళ్లు. లోపల ఒక పన్ను తిప్పితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను ఎదురు దిశలో తిప్పితే 8.18 డిగ్రీలు, తేడా 0.82 డిగ్రీ. ఇదే అక్కడ దొరికే అతి చిన్న మార్పు. చక్రం కడ్డీ నుంచి 450 మి.మీ. దూరంలో ఉందనుకుంటే ఒక డిగ్రీకి సుమారు 8 మి.మీ., ఆ చిన్న మెట్టుకు 6.5 మి.మీ. మారుతుంది. విప్పే ముందు స్ప్రింగ్ ప్లేటు వేలాడే కోణాన్ని డిజిటల్ కోణమాపకంతో, బాడీ గుమ్మం పట్టీతో పోల్చి, రెండు పక్కలా రాసుకోండి. ఎడమ కడ్డీ కుడికి వేయకూడదు. అవి ఒక దిశలో మెలితిప్పి పదును పెట్టినవి, చివర గుర్తు ఉంటుంది. పెయింటు మీద గీత పడితే అక్కడ తుప్పు, తుప్పు నుంచి పగులు. గీత పడ్డ చోట వెంటనే పెయింటు వేయండి. దించిన 911కు ముందు స్టీరింగ్ ర్యాకును స్పేసర్లతో పైకి లేపాలి, లేదంటే స్ట్రట్ మీద చక్రపు ఇరుసును పైకి మార్పించాలి. రెండోది ఖర్చుతో కూడిన పని, కానీ ట్రావెల్ పోకుండా దించే పద్ధతి అదే. మిగతా కార్లలో కూడా ఇరుసు పైకి జరిపిన అప్‌రైట్లు (ఇరుసును పట్టే నిలువు భాగాలు) దొరికితే వాటినే ముందు పరిశీలించండి.

బంప్ స్టీర్ కొలిచే పద్ధతి

గతుకులో చక్రం లేచినప్పుడు దానంతటదే లోపలికో బయటికో తిరగడమే బంప్ స్టీర్. స్ప్రింగు తీసి, స్టీరింగ్ నిటారుగా కట్టేయండి. చక్రం బదులు హబ్‌కు 400 మి.మీ. చదును పలక బిగించి, దాని ముందు, వెనక అంచులకు రెండు డయల్ గేజీలు తాకించండి. కొత్త ఎత్తు దగ్గర రెండూ సున్నా చేసి, హబ్‌ను 10 మి.మీ. చొప్పున 50 పైకి, 50 కిందికి జరుపుతూ తేడా రాసుకోండి. మొత్తం 50 మి.మీ. లేచే లోపు తేడా 1 మి.మీ. లోపుంటే చాలా మంచిది, 2 దాకా పర్వాలేదు. 4–5 అయితే గతుకుల రోడ్డు మీద స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. పైకీ కిందికీ గీత ఒకే వాలుగా సాగితే టై రాడ్ చివర ఎత్తు తప్పని అర్థం, అక్కడ పలుచటి షిమ్ములతో సరిచేయండి. రెండు వైపులా ఒకే దిశలోకి విల్లులా వంగితే టై రాడ్ పొడవు తప్పని అర్థం. దాన్ని షిమ్ములు మార్చలేవు.

బిగించేటప్పుడు

పాత కార్లలో రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో బిగిసిపోయి, రబ్బరే మెలికలు తిరుగుతుంది. చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే కారు నేల మీదికి దిగగానే ప్రతి బుష్ మెలితిరిగి ఉంటుంది. అవి అదనపు స్ప్రింగుల్లా కారును 5–10 మి.మీ. పైకి పట్టి ఉంచుతాయి, కొన్ని నెలల్లో చిరుగుతాయి. దించిన ప్రతి కారులోనూ, ఆ చేతుల్ని మీరు విప్పకపోయినా, బోల్టులన్నీ వదులు చేసి, కారును నేల మీద నిలబెట్టి, తోసి, నొక్కి, అప్పుడు టార్క్ రెంచితో బిగించండి. పాలీ బుష్‌లకు ఈ బాధ లేదు, వాటికి గ్రీజు అవసరం.

ముందు భాగం వెనక భాగం కంటే ఎక్కువ దిగితే కాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. 2300 మి.మీ. వీల్‌బేస్‌లో 20 మి.మీ. తేడాకు అర డిగ్రీ. హైవే మీద స్టీరింగ్ నిటారుగా నిలబడటం మందగిస్తుంది. వెనక బ్రేకు ఒత్తిడిని కారు ఎత్తును బట్టి మార్చే వాల్వు ఉంటే దాని లింకును కూడా కొత్త ఎత్తుకు సర్దాలి, లేకపోతే బరువు లేకుండానే బరువు ఉన్నట్టు వెనక బ్రేకు పట్టేస్తుంది.

బ్రేకు హోసును చక్రం పూర్తిగా పైన, కింద, రెండు వైపులా తిప్పి చూడండి. మడతపడకూడదు, టైరుకు రాసుకోకూడదు. సైలెన్సర్ గొట్టం యాక్సిల్‌కు, ఇంజిన్ చాంబర్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) నేలకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. చాంబర్ కింద 100 మి.మీ. కంటే తక్కువైతే అడుగు పలక వేయడం గురించి ఆలోచించండి.

కేంబర్, కాస్టర్, టో ఆ వరుసలోనే సరిచేయాలి, ఎందుకంటే మొదటి రెండూ మారితే టో మారుతుంది. రోడ్డు కారుకు ముందు నెగటివ్ కేంబర్ అర డిగ్రీ నుంచి ఒకటిన్నర, టో-ఇన్ రెండు చక్రాలకూ కలిపి 1–2 మి.మీ. మొదలుపెట్టడానికి మంచి చోటు. హెడ్‌లైట్లు మళ్లీ గురిపెట్టాలి. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ నియంత్రణలో డిమ్ లైటు నేల నుంచి కనీసం 500 మి.మీ. ఎత్తులో ఉండాలి. అమెరికా ప్రమాణంలో 22 అంగుళాలు. తక్కువ ఎత్తున్న స్పోర్ట్స్ కార్లు ఈ హద్దుకు ఇప్పటికే దగ్గరగా ఉంటాయి. మార్పు సంగతి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపండి.

సస్పెన్షన్ జోలికి పోకుండా 15–20 మి.మీ. దించే మార్గం ఇంకొకటుంది. 185/70 ఆర్14 టైరు వ్యాసం 615 మి.మీ., 185/60 ఆర్14 వ్యాసం 578. టైరు మార్చితే కారు 18 మి.మీ. దిగుతుంది, ట్రావెల్ గానీ చేతుల వాలు గానీ మారవు. మడ్‌గార్డు ఖాళీ మాత్రం ఇంకా పెరుగుతుంది, స్పీడోమీటరు 6 శాతం ఎక్కువ చూపిస్తుంది, హైవే మీద ఇంజిన్ అంతే ఎక్కువ తిరుగుతుంది. టైరు మోసే బరువు సంఖ్య పాతదాని కంటే తగ్గకుండా చూసుకోండి.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు, స్ట్రట్ పై నట్లు, స్పేసర్ బోల్టులు మళ్లీ టార్క్ పెట్టండి. బంప్ స్టాపర్‌కు ఎదురుగా ఉన్న లోహం మీద కొద్దిగా గ్రీజు పూసి ఉంచితే, రబ్బరు ఎంతసార్లు తగులుతోందో ఆ ముద్రే చెబుతుంది. 500 కిలోమీటర్లకు కొత్త స్ప్రింగులు కొన్ని మిల్లీమీటర్లు కుంగి కుదురుకుంటాయి. అప్పుడు నాలుగు మూలలా ఎత్తు మళ్లీ కొలిచి, టో మరోసారి చూసి, టైర్ల లోపలి అంచు మీద చెయ్యి పెట్టి నిమరండి. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపంలా తగిలితే టో ఇంకా తప్పుగా ఉంది.